వులిమిరి రామలింగస్వామి

ఉప్పు లేని వంటయిల్లు లేదు. శ్రీకాకుళము మొదలు పెనుకొండ చెంతనున్న ఎర్రమంచి వరకు ఏ యింటికేగినను, అది మేడయైనను గుడిసెయైనను, అందు ఉప్పు జాడి కనబడక మానదు. నేడు అంగడిలో అమ్మెడు ఉప్పు పొట్లముపై అది అయొడిన్ కలిపిన ఉప్పు అని అచ్చువేయబడి యుండుట మీరు చూచియే యుందురు. ఆ మాట చదివినవారు అనేకులు. అయొడిన్ ఏల కలుపబడినదో ఎరిగినవారు కొందరే. కంటికి కనబడని ఆ స్వల్ప పదార్థము తల్లి గర్భమునందున్న శిశువు మెదడును కాపాడుచున్నది. మన దేశమున ఈ సత్యమును నిరూపించుటకు పాటుపడిన వైద్యశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు ఒక తెలుగువాడు. ఆయనయే డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

రామలింగస్వామిగారు 1921వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన శ్రీకాకుళమునందు జన్మించిరి. నాగావళీ తీరమున వెలసిన ఆ పట్టణము సముద్రమునకు ఎంతో దూరమున లేదు. ఆ సీమయందే నౌపడ వద్ద సముద్రపు నీటిని మడులలో ఎండబెట్టి ఉప్పు పండించుట చాలకాలముగ జరుగుచున్నది. ఉప్పు పండెడు సీమలో పుట్టిన ఆ బాలుడు పెద్దవాడై, ఆ ఉప్పు మూలముననే లెక్కకు మించిన బిడ్డలకు మేలు చేయగలడని ఆనాడు ఎవరు ఊహింపగలరు?

వారు విశాఖపట్టణములోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1944లో ఎం.బి.బి.ఎస్. పట్టమును, 1946లో ఎం.డి. పట్టమును పొందిరి. యోగ్యుడైన యువవైద్యునకు ధనార్జన మార్గము తెరచియే యుండెను. కాని వారు ఎన్నుకొన్నది వ్యాధి విజ్ఞాన శాస్త్రము. రోగము ఏ కారణమున పుట్టుచున్నది, శరీరములోని అవయవములను ఎట్లు మార్చుచున్నది అను విషయములను సూక్ష్మదర్శిని సాయముతో శోధించుట ఆ శాస్త్రము యొక్క పని. ఒక రోగికి చికిత్స చేసినచో ఒక ప్రాణము నిలుచును. రోగము యొక్క మూలమును కనుగొన్నచో ఒక దేశమే బాగుపడును. రామలింగస్వామిగారి జీవితమంతయు ఈ రెండవ మార్గమున నడచినది.

1947లో వారు నీలగిరులపైనున్న కూనూరు పట్టణములోని పోషకాహార పరిశోధనాలయమున చేరిరి. ఆ సంస్థకు పునాది వేసినవాడు రాబర్ట్ మెక్కారిసన్ అను ఆంగ్లేయ ప్రభుత్వ వైద్యుడు. ఆయన అంతకు పూర్వము హిమాలయములకు ఆవలి గిల్గిత్, చిత్రాల్ లోయలలో పనిచేసి, అచ్చటి జనులను బాధించుచున్న గళగండ వ్యాధిని పరిశీలించియుండెను. కూనూరు పరిశోధనాలయము తరువాత హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. తగిన తిండి లేక కృశించు బిడ్డల శరీరములలో కలుగు మార్పులను రామలింగస్వామిగారు ఆ పరిశోధనాలయముననే శ్రద్ధగా అధ్యయనము చేసిరి. నడుమ ఇంగ్లండునకు పోయి, 1951లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టమును పొంది తిరిగి వచ్చిరి. 1954లో భారతీయ వైద్య పరిశోధనా మండలిలో ఉపసంచాలకులుగా నియమితులైరి. ఆ కాలముననే వారి దృష్టి హిమాలయ సానువులవైపు మరలినది.

కాశ్మీరము మొదలు ఈశాన్య సరిహద్దు వరకు హిమాలయముల పాదమున వేలాది గ్రామములు కలవు. ఆ గ్రామములలో మెడక్రింద కాయవలె వాపు గలవారు ఎక్కడ చూచినను కనబడుచుండిరి. కొందరికి ఆ వాపు నిమ్మకాయంత యుండెను. కొందరికి గుమ్మడికాయవలె వ్రేలాడుచుండెను. దానినే గళగండమందురు. మెడలో కంఠనాళమునకు ముందు సీతాకోకచిలుక రెక్కలవలె అమరియున్న అవటు గ్రంథి, అనగా థైరాయిడ్ గ్రంథి, మితిమీరి పెరుగుటయే ఈ వ్యాధి. దానితో బ్రతుకు నెట్టుకొని రావచ్చునని ఆ జనులు అలవాటు పడియుండిరి. అయితే అంతకంటె దారుణమైన మరియొక సంగతి ఆ గ్రామములలో కలదు. అచ్చట కొందరు బిడ్డలు పుట్టుకతోనే చెవిటివారును మూగవారునై యుండిరి. కొందరు పొట్టిగానుండి, నిలువలేక, నడువలేక, పదేండ్లు వచ్చినను పసివారివలె ప్రవర్తించుచుండిరి. మెడవాపు అందరికిని కనబడును. బిడ్డ మెదడునకు కలిగిన నష్టము పైకి కనబడదు. ఈ రెండింటికిని మూలము ఒక్కటియే.

ఆ మూలమును తెలిసికొనవలెనన్న, అవటు గ్రంథి చేయు పనిని కొంచెము గ్రహింపవలెను. ఈ గ్రంథి రక్తములోని అయొడిన్‌ను పీల్చుకొని, దానితో థైరాక్సిన్ అను హార్మోనును తయారుచేసి, మరల రక్తములోనికి వదలును. కుమ్మరికి మన్ను ఎట్టిదో ఈ గ్రంథికి అయొడిన్ అట్టిది. మన్ను లేనిదే కుండ లేదు. పెద్దవానికి దినమునకు కావలసిన అయొడిన్ సుమారు 150 మైక్రోగ్రాములు మాత్రమే. డెబ్బది యేండ్లు జీవించువానికి జీవితమంతటికిని కావలసినది 4 గ్రాములకు లోపలనే, అనగా ఒక చిన్న చెంచాడు. కాని ఆ చెంచాడు ఒక్కసారిగ పుచ్చుకొనుటకు వీలులేదు. ప్రతిదినమును కొలదికొలదిగా అందవలెను. అది అందనపుడు గ్రంథి మరింత అయొడిన్‌ను పట్టుకొనవలెనని శ్రమించి శ్రమించి ఉబ్బును. అదియే గళగండము.

ఇక మెదడు సంగతి. తల్లి గర్భములో శిశువు మెదడు ఒక మహానగరమువలె నిర్మింపబడుచుండును. నాడీకణములు మెదడు లోతట్టున పుట్టి, తమకు నిర్ణయింపబడిన తావులకు ప్రయాణము చేయును. తావు చేరిన పిమ్మట కొమ్మలవలె శాఖలు చాచి, పొరుగు కణములతో సంబంధము కలుపుకొనును. వాని పొడవైన తంతువులపై మైలిన్ అను కొవ్వుపొర ఏర్పడి, వార్తలు వేగముగ పోవుటకు తోడ్పడును. ఈ పనులన్నియు సకాలమున జరుగుటకు థైరాయిడ్ హార్మోను అవసరము. థైరాక్సిన్ మెదడులో ప్రవేశించి, ఒక అయొడిన్ పరమాణువును కోల్పోయి, మరింత చురుకైన రూపమును పొందును. ఆ రూపము నాడీకణము యొక్క కేంద్రకములోనికి పోయి, అచ్చటి జన్యువులలో వేటిని మేల్కొలుపవలెనో, వేటిని నిద్రపుచ్చవలెనో నిర్ణయించును. మేస్త్రి ఆజ్ఞ లేనిదే పనివారు గోడ ఎత్తజాలనట్లు, ఈ హార్మోను లేనిదే కణములు తమ పనిని క్రమముగ చేయజాలవు.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. గర్భములోని శిశువు యొక్క గ్రంథి సుమారు 12వ వారము వరకు హార్మోనును తయారుచేయజాలదు. తగినంతగా తయారుచేయుటకు 18 లేక 20 వారములు పట్టును. అంతవరకు తల్లి రక్తములోని హార్మోనే మావి గుండ శిశువునకు చేరవలెను. తరువాత కూడ శిశువు యొక్క గ్రంథికి కావలసిన అయొడిన్ తల్లినుండియే రావలెను. తల్లికే కొరత యున్నచో బిడ్డకు ఇచ్చునది ఎక్కడిది? పైగా మెదడు కాలమునకై వేచియుండదు. విత్తునాటి వాన కురియక, కోతనాడు కురిసినచో రైతునకు ఏమి లాభము? అట్లే సమయము మించిన తరువాత ఎంత మందిచ్చినను ఆగిపోయిన నిర్మాణము పూర్తి కాదు. కనుకనే ఇది తరువాత నయము చేయదగిన వ్యాధి కాదు. ముందుగ నివారింపవలసిన వ్యాధి.

కొండలలో అయొడిన్ కొరత ఏల కలిగెను? మంచునదులు, వానలు, వరదలు యుగయుగములుగ అచ్చటి నేలను కడిగివేయుటచేత మంటిలోని అయొడిన్ కొట్టుకొనిపోయినది. మంటిలో లేనిది పైరులో లేదు. పైరులో లేనిది మనుష్యులలోను పశువులలోను లేదు. సముద్రపు ఉప్పులో అయొడిన్ సమృద్ధిగ నుండునని మనము భావింతుము. అదియు నిజము కాదు. మామూలు ఉప్పులో మిగులునది బహుస్వల్పము. దానిని వేరుగ కలుపవలసినదే.

ఈ సంగతులలో కొన్ని పాశ్చాత్యులు అంతకు ముందే ఎరుగుదురు. స్విట్జర్లాండులో 1922లోనే అయొడిన్ కలిపిన ఉప్పును ప్రవేశపెట్టిరి. కాని హిమాలయ ప్రాంతమున గళగండమునకు కారణము మురికినీటిలోని క్రిములని మెక్కారిసన్ వంటి పెద్దలే తలచియుండిరి. అట్టి స్థితిలో నిదర్శనము లేక కోట్లాది ప్రజలు తిను ఉప్పును మార్చుటకు ఏ ప్రభుత్వము పూనుకొనును? ఆ నిదర్శనమును సమకూర్చుటకు రామలింగస్వామిగారు సంకల్పించిరి.

వారు ఎన్నుకొన్న స్థలము కాంగ్రా లోయ. అది అప్పుడు పంజాబు రాష్ట్రములోనిది. నేడు హిమాచల ప్రదేశములో నున్నది. డాక్టర్ సూచ్ మొదలగు సహచరులతో కూడి, 1956లో వారచ్చటి బడిపిల్లల మెడలను ఒక్కొక్కరిని తాకి పరీక్షించిరి. నూటికి సుమారు 38 మందికి గళగండము ఉన్నట్లు తేలెను. జనుల మూత్రమును పరీక్షింపగ అందు అయొడిన్ అత్యల్పముగ నుండెను. స్వల్పమాత్రలో రేడియోధార్మిక అయొడిన్ ఇచ్చి చూడగా, దప్పిగొన్నవాడు నీటిని త్రాగునట్లు వారి గ్రంథులు దానిని వేగముగ పీల్చుకొనెను. కొరత అయొడిన్‌దే అని దీనిచేత తెల్లమైనది.

పిమ్మట ఆ ప్రాంతమును మూడు మండలములుగ విభజించిరి. రెండు మండలములకు అయొడిన్ చేర్చిన ఉప్పును పంపిరి. ఒకదానికి పొటాషియం అయొడైడ్ చేర్చినది, మరియొకదానికి పొటాషియం అయొడేట్ చేర్చినది. మూడవ మండలమునకు మామూలు ఉప్పే పంపబడెను. ఇట్లేల చేసిరని మీరడుగవచ్చును. ఉప్పు మార్చిన చోట వ్యాధి తగ్గినచో, అది ఉప్పు వలననే తగ్గినదో, తిండియు నీరును మెరుగుపడుటచేత తగ్గినదో చెప్పుటకు పోల్చిచూచు స్థలమొకటి కావలెను. అందుకొరకే మూడవ మండలము. అయినను, ఆ మండలపు బిడ్డలకు కొన్నియేండ్లు ఆ మేలు అందలేదను తలంపు నేడు మన మనస్సులను కలచివేయక మానదు. ఆనాడు దేశములో ఏ పల్లెకును అట్టి ఉప్పు అందుట లేదు; ఫలము తేలినగాని అందరికిని అందు దారియు లేదు. ఇట్టి పరీక్షలను నేటి వైద్యనీతి మరింత నిశితముగ ప్రశ్నించును. ప్రశ్నింపవలసినదే.

1962లో బడిపిల్లలను తిరిగి పరీక్షించిరి. అయొడిన్ ఉప్పు తిన్న రెండు మండలములలో వ్యాధి నూటికి 38 నుండి సుమారు 19కిని, 15కిని దిగెను. మామూలు ఉప్పు తిన్న మండలములో సుమారు 40గా నుండి, ఏమాత్రము తగ్గలేదు. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమేమి కావలెను? ఫలితము తెలిసిన వెంటనే మూడవ మండలమునకును అయొడిన్ ఉప్పునిచ్చిరి. 1968 నాటికి మొదటి రెండు మండలములలో వ్యాధి నూటికి 10 లోపునకు వచ్చెను. మూడవ మండలములో కూడ సగమునకు పైగ తగ్గెను. అంతకు పూర్వమే, 1962లో, భారత ప్రభుత్వము జాతీయ గళగండ నివారణ కార్యక్రమమును ప్రారంభించినది. కాంగ్రా పరిశోధన ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటింపబడి, ఇతర దేశములకును మార్గదర్శకమయ్యెను.

అంతటితో రామలింగస్వామిగారు తృప్తిపడలేదు. మెడవాపు తగ్గుట మంచిదే. కాని వారి మనస్సునందు మెదలుచున్న ప్రశ్న బిడ్డల మెదడును గూర్చినది. వారును, వారి సహచరుడైన డాక్టర్ కొచ్చుపిళ్ళైయును, ఇతరులును కలిసి ఉత్తరప్రదేశములోని గోండా, దేవరియా మొదలైన జిల్లాలలో అప్పుడే పుట్టిన శిశువుల బొడ్డుత్రాడు నుండి రక్తమును సేకరించి పరీక్షించిరి. అయొడిన్ కొరత లేని దేశములలో కొన్నివేల శిశువులలో ఒక్కరికి మాత్రమే థైరాయిడ్ లోపము కనబడును. ఆ జిల్లాలలోనో నూటికి పలువురిలో ఆ లోపము కనబడెను. పైకి చక్కగ కనబడు పసికందులు లోలోపల మెదడునకు కావలసిన హార్మోను లేక పుట్టుచుండిరి! వారిలో అందరును మూగవారు, చెవిటివారు కాకపోవచ్చును; కాని తరగతిలో పాఠము పట్టుబడక, సోమరులని మొట్టికాయలు తినువారు అట్టివారిలో ఎందరుండిరో ఎవరెరుగుదురు? తెలివి తక్కువ అని మనము నిందించునది ఒక్కొక్కప్పుడు బిడ్డ దోషము కాదు, ఉప్పు దోషమని ఈ పరిశోధన లోకమునకు తెలిపినది.

ఈ నడుమ వారికి పెక్కు పదవులు లభించెను. 1957 నుండి ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో వ్యాధి విజ్ఞాన శాస్త్రాచార్యులుగ నుండి, 1969 నుండి 1979 వరకు ఆ సంస్థకు సంచాలకులైరి. 1979 నుండి 1986 వరకు భారతీయ వైద్య పరిశోధనా మండలికి ప్రధాన సంచాలకులుగ నుండిరి. పద్మశ్రీ, పద్మభూషణ బిరుదములు వారిని వరించెను. 1986లో లండనులోని రాయల్ సొసైటీ వారిని సభ్యునిగ ఎన్నుకొనెను. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము చెలరేగినపుడు, ఆ విషయమును విచారించు నిపుణుల సంఘమునకు వారే అధ్యక్షులైరి.

ఇంత జరిగినను ఉప్పు కథ సుఖముగ సాగలేదు. మొదటి ఇరువదియేండ్లలో తయారైన అయొడిన్ ఉప్పు దేశావసరమునకు ఏమూలకును చాలలేదు. కొండప్రాంతములకు మాత్రమే వ్యాధి పరిమితమని తలచుటయు పొరపాటని తేలినది. మైదానములలోను, మన తెలుగునేలలోని ఆదిలాబాదు వంటి ఏజెన్సీ సీమలలోను అది కనబడెను. కావున దేశమంతటను తినెడు ఉప్పునకెల్ల అయొడిన్ చేర్చవలెనని ప్రభుత్వము నిశ్చయించి, 1986 నుండి అమలుపరచినది. 1992లో కార్యక్రమము పేరును మార్చిరి. అందు గళగండమను మాటకు బదులు అయొడిన్ లోపముచే కలుగు రుగ్మతలు అను మాట చేరెను. చూపు మెడమీదినుండి మెదడు వైపునకు మరలినదనుటకు ఆ పేరే తార్కాణము. 1997లో అయొడిన్ లేని ఉప్పును తినుటకై అమ్మరాదని కేంద్ర ప్రభుత్వము శాసించెను. కాని 2000లో ఆ నిషేధమును తొలగించెను. 2001 మే 28వ తేదీన రామలింగస్వామిగారు ఢిల్లీలో పరమపదించునాటికి ఆ కేంద్ర శాసనము అమలులో లేదు. తమ కృషికి కలిగిన ఈ ఆటంకము తొలగుటను వారు చూడలేదు. 2006 మే నుండి ఆ నిషేధము మరల అమలులోనికి వచ్చినది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 94 ఇండ్లలో అయొడిన్ గల ఉప్పు కనబడెను.

బాలబాలికలారా! కాంగ్రా లోయలోని పల్లెలు మనకు దూరమే. కాని అచ్చట తేలిన సత్యము నేడు ఎర్రమంచి వంటి పల్లెలోని వంటయింటికిని చేరియున్నది. దానిని నిలుపుకొనుట మన చేతిలోని పని. ఉప్పును మూతగల డబ్బాలో ఉంచవలెను. తేమకును ఎండకును విడువరాదు. పొట్లముపై అయొడిన్ గుర్తును చూచి కొనవలెను. గర్భవతులు వైద్యుల సలహాపై థైరాయిడ్ పరీక్ష చేయించుకొనవలెను. పుట్టిన శిశువు మడమనుండి తీసిన కొన్ని రక్తబిందువులతో లోపమును కనుగొనవచ్చును. మొదటి వారములలోనే మందు మొదలిడినచో ఆ బిడ్డ తోడివారివలె చదివి వృద్ధిలోనికి రాగలడు.

కొందరు మహనీయులు కోటలు కట్టించిరి. కొందరు రాజ్యములను గెలిచిరి. రామలింగస్వామిగారి కీర్తికి గోపురము లేదు, శిలాశాసనము లేదు. దినదినమును మనము తినెడు ముద్దలో, కంటికి కనబడక, అది కరగి యున్నది. తమ మేలు చేసినవాని పేరైన ఎరుగక, చక్కగ విని, చక్కగ పలికి, చక్కగ ఆలోచింపగల బిడ్డలు నేడు వేలాది గ్రామములలో ఆడుకొనుచున్నారు. వారే ఆ మహావైద్యునకు నిజమైన స్మారకచిహ్నములు.